నేలకు దిగు విద్య

అభిమన్యునకు పద్మవ్యూహమును చొచ్చు విధము తెలియును గాని, దానినుండి వెలువడు విధము తెలియదు. ఆకాశమున నెగురు వానికి అట్టి సగము విద్య పనికిరాదు. పైకి లేచిన విమానము దిగియే తీరవలెను. బండివాడు త్రోవ తెలియనిచో ఎద్దులను నిలిపి ఆలోచించుకొనవచ్చును. పడవవాడు తెడ్డు వేయుట మానవచ్చును. విమానమునకు ఆ వెసులుబాటు లేదు. అది కదలుచున్నంతవఱకే గాలిలో నిలుచును. కదలుచున్నంతసేపును దానిలోని ఇంధనము తరుగుచుండును. అందుచేత విమానయానమునందు దిగుటయే మిక్కిలి మెలకువ కోరు ఘట్టము.

దిగుటకు కష్టమైనవని పేరొందిన విమానాశ్రయములు ప్రపంచమున కొన్ని గలవు. కొన్ని హిమాలయముల లోయలలో నున్నవి. కొన్ని కొండనెత్తమును చదును చేసి కట్టినవి. కొన్ని మహానగరముల నడుమ ఇండ్లచే చుట్టబడి యుండెడివి. వీనిని గూర్చి చదువునపుడు భయము కలుగుట సహజము. కాని భయముకంటె విలువైనది అచ్చట మానవుడు నేర్చుకొన్న పాఠము. దాని మొదటి అక్షరములను దిద్దుకొనుటకు దూరదేశములకు పోనక్కఱలేదు. హైదరాబాదు నగరమే చాలును.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము నానుకొని మాణికేశ్వర్ నగర్ అను పేట గలదు. దానికి చేరువనే తార్నాక. ఈ ప్రాంతమునకు వాయవ్యముగా 7, 8 కిలోమీటర్ల దూరమున బేగంపేట విమానాశ్రయ మున్నది. నిజాము కాలమున, 1930 తరువాతి సంవత్సరములలో వెలసిన ఈ విమానాశ్రయమే 2008 మార్చి వఱకు హైదరాబాదునకు వచ్చు ప్రయాణికుల విమానములు దిగుచోటుగా నుండెను. దాని రన్‌వే, అనగా విమానములు పరుగెత్తు బాట, తూర్పు పడమరలుగా నున్నది.

విమానము ఎదురుగాలిలో దిగవలెననునది సామాన్య నియమము. ఎదురుగాలి రెక్కలకు ఆధారమిచ్చును. నేలమీది పరుగును తగ్గించును. నైరుతి ఋతుపవన కాలమున హైదరాబాదులో గాలి పడమటినుండి వీచును. కావున ఆ నెలలలో విమానములు తూర్పునుండి, మల్కాజిగిరి, సికిందరాబాదు ప్రాంతములలోని ఇండ్లకప్పుల మీదుగా దిగవలసి యుండెను. మాణికేశ్వర్ నగర్, తార్నాకల నివాసులకు అవి ఉత్తరపు దిక్కున కానవచ్చు దూరముననే పోవుచుండెడివి.

నేలమీదివారికి ఆ దృశ్యము వేడుక. పైలటుకు మాత్రము అది ఒక లెక్క. పెద్ద జెట్ విమానము దిగునపుడు దాని వేగము గంటకు సుమారు 250 కిలోమీటర్లు. అనగా ఒక్కొక్క సెకనుకు 70 మీటర్లు. అది దిగు వాలు సాధారణముగా 3 డిగ్రీలు. ఆ వాలున ఒక కిలోమీటరు ముందుకు సాగునప్పటికి విమానము సుమారు 50 మీటర్లు క్రిందికి వచ్చును. కావున రన్‌వేకు 8 కిలోమీటర్ల దూరమున నున్న విమానము 400 మీటర్ల ఎత్తున నుండవలెను. అక్కడినుండి చక్రములు నేలను తాకుటకు పట్టు కాలము రెండు నిమిషములు మాత్రమే. ఆ రెండు నిమిషములలో వేగము, ఎత్తు, దిశ మూడును సరిగా కుదురవలెను. రన్‌వే మొదటి మూడవ వంతు దాటకముందే చక్రములు నేలను తాకవలెను. ఇవి కుదురనప్పుడు పైలటు చేయదగిన పని ఒక్కటే: యంత్రములకు పూర్తిబలమిచ్చి మరల పైకి లేచుట. ఈ ‘తిరిగి లేచుట’ యందే మన పాఠమంతయు నిమిడి యున్నది.

1993వ సంవత్సరము నవంబరు 15వ తేదీన ఒక పెద్ద ఎయిర్‌బస్ విమానము 260 మందికి పైగా జనులతో మద్రాసునుండి హైదరాబాదునకు వచ్చెను. ఆ సమయమున బేగంపేటలో చూపుమేర మిక్కిలి తక్కువగా నుండెను. దిగుటకు ప్రయత్నించిన పైలటు దానిని మానుకొని విమానమును మరల పైకి లేపెను. అంతవఱకు జరిగినదంతయు సక్రమమే. అటుపిమ్మట వేఱొక చిక్కు తటస్థించెను.

విమానపు రెక్కల వెనుక అంచున ఫ్లాపులు అను పలకలుండును. దిగునపుడు వానిని చాచినచో విమానము తక్కువ వేగమునను గాలిలో నిలువగలదు. పైకి లేచిన తరువాత వానిని మరల లోనికి ముడువవలెను. ఆ దినమున అవి ముడుచుకొనలేదు. చాచిన పలకలకు గాలి అడ్డుతగులుటచే ఇంధనము మామూలుకంటె త్వరితముగా తరుగజొచ్చెను. విమానము మద్రాసు వైపు మరలెను. మార్గమధ్యమున మద్రాసు చేరుటకు ఇంధనము చాలదని తేలినది. అప్పుడు తిరుపతి వైపు త్రిప్పిరి. తిరుపతి విమానాశ్రయమును అందలేదు. తుదకు ఆ ప్రాంతపు వరిపొలములలో విమానమును దింపిరి. విమానము పనికిరాకుండ పోయినది. మనుష్యులలో ఒక్కరును మరణింపలేదు.

ఈ సంఘటనమునుండి రెండు విషయములు తెలియుచున్నవి. కనబడని నేలకు దిగకుండుట వివేకము; ఇది మొదటిది. తిరిగి లేచువానికి తిరిగి పోవుటకు తగిన సాధనము కూడ ఉండవలెను, ఇది రెండవది. అందుచేతనే విమానము గమ్యము చేరుటకు వలయు ఇంధనముతో పాటు, అచట దిగరానిచో మఱియొక విమానాశ్రయమునకు పోవుటకు వలసినంతయు, ఆ పైన అరగంటసేపు గాలిలో నుండుటకు చాలునంతయు మోసికొని పోవలెనను నియమము గలదు. రైతు ఎంత ఇబ్బందిలోనైనను విత్తనపు గింజలను వేఱుగా దాచును. ఆ అరగంట ఇంధనము పైలటుకు విత్తనపు గింజల వంటిది. అయినను, యంత్రమున లోపము కలిగినపుడు లెక్కలు తారుమారగును. అప్పుడు దగ్గఱనున్న చోటు నెంచుకొనుటలో త్వరగా నిర్ణయింపవలసి యుండును.

అదే నెలలో 11 దినములకు ముందు, హాంగ్‌కాంగ్ నగరమున ఇట్టిదే మఱియొక సంఘటనము జరిగినది. అచటి కైటాక్ విమానాశ్రయము దిగుటకు కష్టమైన వానిలో జగత్ప్రసిద్ధము. ఒక ప్రక్క ఎత్తైన కొండలు, ఒక ప్రక్క బహుళ అంతస్తుల మేడలు, మిగిలిన వైపు సముద్రము. రన్‌వే సముద్రములోనికి చొచ్చుకొని యుండెను. ఒక దిశనుండి వచ్చు విమానములు తిన్నగా రన్‌వే వైపునకు దిగుటకు వీలులేదు. ఒక కొండప్రక్కన చదరంగపు బల్లవలె రంగు గళ్ళు చిత్రించి యుంచిరి. పైలటు మొదట ఆ గళ్ళవైపు దిగుచు పోవలెను. గళ్ళు స్పష్టముగా కనబడగానే కుడిచేతి వైపు 47 డిగ్రీలు త్రిప్పి, మేడలకప్పుల మీదుగా రన్‌వేకు సరిగా ఎదుట నిలువవలెను. ఈ మలుపు ముగియునప్పటికి నేల అతి చేరువలో నుండును.

1993 నవంబరు 4వ తేదీన తీవ్రమైన గాలివాన నడుమ ఒక పెద్ద బోయింగ్ విమానము అచట దిగెను. చక్రములు తగినచోట గాక చాల ముందునకు పోయి నేలను తాకినవి. మిగిలిన బాట చాలక విమానము సముద్రములో పడెను. అందలి 396 మందియు బ్రదికిరి. బేగంపేటకు వచ్చినవాడు తిరిగి లేచెను. కైటాక్‌నకు వచ్చినవాడు తిరిగి లేవలేదు. ఇరువురకును ప్రాణనష్టము తప్పినది. కాని అదృష్టమును నియమముగా భావింపరాదు.

నగరములలో మనుష్యులు కట్టిన మేడలు అడ్డమగును. పర్వతసీమలలో ప్రకృతియే అడ్డము. మన దేశమున లేహ్ విమానాశ్రయము సముద్రమట్టమునకు 3,256 మీటర్ల ఎత్తున నున్నది. అచట గాలి పలుచన. పలుచని గాలి రెక్కలకు చాలినంత ఆధార మియ్యదు. అందుచేత విమానము మైదానములలో కంటె ఎక్కువ వేగముతో దిగవలసి వచ్చును. వేగము హెచ్చినకొలది ఆగుటకు ఎక్కువ బాట కావలెను. మధ్యాహ్నమైన కొలది లోయలలో గాలులు చెలరేగును. కావున లేహ్‌నకు విమానములు ఎక్కువగా ఉదయవేళలలోనే పోయి వచ్చుచుండును. భూటాను దేశమున పారో విమానాశ్రయము కొండల నడుమ వంకరలు తిరిగిన లోయలో నున్నది. అచట దిగుటకు ప్రత్యేకముగా శిక్షణ పొందిన పైలటులకే అనుమతి యుండును.

నేపాళ దేశమునందలి లుక్లా వీనన్నిటిని మించినది. ఎవరెస్టు శిఖరమునకు పోవువారు చాలమంది ఇక్కడనే దిగుదురు. ఎవరెస్టును టెన్సింగుతో కూడి మొదట అధిరోహించిన ఎడ్మండ్ హిల్లరీ పూనికచే 1964లో ఇది నిర్మింపబడినది. నేలను గట్టిపఱచుటకు షెర్పాలను పిలిచి కాళ్ళతో త్రొక్కుచు నాట్యము చేయించెనని చెప్పుదురు. 2008లో దీనికి టెన్సింగ్-హిల్లరీ విమానాశ్రయమని పేరు పెట్టిరి.

లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లు మాత్రమే. ఒక పెద్ద జెట్ విమానము దిగువేగమున ఈ దూరమును 7, 8 సెకనులలో దాటిపోవును. అందుచేత ఇచ్చటికి చిన్న విమానములే వచ్చును. రన్‌వే చదునుగా లేదు. ప్రతి 100 మీటర్లకు దాదాపు 12 మీటర్లు ఎత్తు పెరుగును. దిగు విమానము ఎగువకు పరుగెత్తును; ఆ ఏటవాలే దానిని నిలుపును. పైకి లేచు విమానము దిగువకు పరుగెత్తును. ఆ వాలే దానికి వేగమిచ్చును. రన్‌వే ఎగువకొనను కొండగోడ, దిగువకొనను లోతైన లోయ.

ఇట్టి చోట తిరిగి లేచుట ఎట్లు? ఎదుట కొండయున్నపుడు చివరి ఘడియలో లేచుటకు దారి యుండదు. కావున లుక్లాకు పోవు పైలటు ఆ నిర్ణయమును చాల ముందుగా, ఇంకను వెనుదిరుగుటకు చోటున్నపుడే చేయవలెను. ఆ హద్దు దాటిన పిమ్మట దిగుట తప్ప గత్యంతరము లేదు. 2008 అక్టోబరు 8వ తేదీన ఒక చిన్న విమానము దిగుచుండగా లోయనుండి మంచు క్రమ్ముకొని వచ్చెను. విమానము రన్‌వే అందక కొండకు తగిలెను. అందున్న 19 మందిలో 18 మంది మరణించిరి. ప్రతి విమానాశ్రయమునకును తిరిగి పోవుటకు ఒక కడపటి హద్దు కలదు. లుక్లాలో అది దూరముగా నుండును. మైదానములలో అది దగ్గఱగా నుండును. ఆ హద్దు ఎచ్చట నున్నదో ఎఱుగుటయే దిగు విద్య.

కొండనెత్తమును చదును చేసి కట్టిన విమానాశ్రయములలో ఈ హద్దు చక్కగా కానవచ్చును. అట్టి రన్‌వే బల్లవంటిది; బల్ల అంచు దాటినచో పాతాళమే. కర్ణాటకమునందలి మంగళూరు, కేరళమునందలి కోళికోడు విమానాశ్రయములు ఇట్టివి.

2010 మే 22వ తేదీ వేకువను దుబాయినుండి 166 మందితో వచ్చిన బోయింగ్ విమానము మంగళూరున దిగుచుండెను. అది ఉండవలసినదానికంటె ఎత్తుగాను, వేగముగాను వచ్చుచుండెను. ఆ దినమున తుపాను లేదు, యంత్రలోపము లేదు, తిరిగి లేచుటకు ఆకాశము తెఱచియే యుండెను. సహపైలటు తిరిగి లేవుమని మూడుమాఱులు చెప్పెను. నేల సమీపించుచున్నదని హెచ్చరించు యంత్రము పలుమాఱులు పలికెను. ప్రధాన పైలటు వినలేదు. ప్రయాణమున చాలసేపు నిద్రించి మేల్కొనిన అతని నిర్ణయశక్తి ఆ మత్తుచే మందగించి యుండునని దర్యాప్తు సంఘము భావించెను. 2,450 మీటర్ల రన్‌వేలో దాదాపు 1,600 మీటర్లు గడచిన పిమ్మట చక్రములు నేలను తాకినవి. విమానమును ఆపుటకు మొదలిడిన పిదప అతడు మరల పైకి లేచుటకు ప్రయత్నించెను. కాని అప్పటికి సమయము మించిపోయినది. విమానము అంచు దాటి లోయలో పడి మండిపోయినది. 158 మంది మరణించిరి. ఎనిమిదిమంది మాత్రమే బ్రదికిరి. మూడుమాఱులు వినబడిన ఆ మాట ఒక్కమాఱు చెవికెక్కినచో, వారందఱును కొన్ని నిమిషములు ఆలస్యముగా ఇల్లు చేరియుందురు.

పది సంవత్సరముల తరువాత, 2020 ఆగస్టు 7వ తేదీ రాత్రి, కోళికోడున వాన కురియుచుండగా దుబాయినుండి 190 మందితో మఱియొక బోయింగ్ విమానము వచ్చెను. మొదటి ప్రయత్నమున దిగుట వీలుగాక పైలటులు సక్రమముగనే తిరిగి లేచిరి. రెండవమాఱు ఎదుటి వైపునుండి, వెనుకగాలితో దిగిరి. విమానము తడిసిన రన్‌వేపై సగము దూరము దాటిన తరువాత నేలను తాకెను. ఈ పర్యాయము కూడ సహపైలటు తిరిగి లేవుమని చెప్పెను. ఆ మాట చెల్లలేదు. విమానము అంచు దాటి క్రిందపడి ముక్కలయ్యెను. ఇరువురు పైలటులతో కూడ 21 మంది మరణించిరి. ఒకమాఱు తిరిగి లేచినవాడు రెండవమాఱు ఎట్లైనను దిగవలెనని తొందరపడుట మానవస్వభావము. ఆ స్వభావమును జయించుటయే శిక్షణ.

ఈ నష్టములనుండి మానవుడు మూడువిధముల జాగ్రత్తలు నేర్చెను. మొదటిది నేలను చక్కదిద్దుట. పోర్చుగల్ దేశమునకు చెందిన మదీరా దీవిలో 1977లో ఒక విమానము పొట్టి రన్‌వే దాటి పడిపోగా 131 మంది మరణించిరి. అటుపిమ్మట ఆ రన్‌వేను సముద్రతీరమున 180 స్తంభములపై వంతెనవలె పొడిగించిరి. ఈ పని 2000లో పూర్తియయ్యెను. కొన్ని విమానాశ్రయములలో రన్‌వే చివర నలిగిపోవు మెత్తని కాంక్రీటు పలకలు పరచుదురు; అంచు దాటిన చక్రములు వానిలో కూరుకొనిపోయి విమానము నిలుచును.

రెండవది చోటు మార్చుట. కైటాక్‌ను 1998 జూలైలో మూసివేసిరి. హాంగ్‌కాంగ్‌నకు సముద్రమును పూడ్చిన నేలపై క్రొత్త విమానాశ్రయ మేర్పడినది. హైదరాబాదునకు 2008 మార్చి 23న శంషాబాదు విమానాశ్రయము అందుబాటులోనికి వచ్చెను. దాని రన్‌వే పొడవు 4 కిలోమీటర్లకు పైబడినది. చుట్టును తెఱపి నేల గలదు. నాటితో ప్రయాణికుల విమానములు బేగంపేటకు వచ్చుట మానినవి. పైలటుల శిక్షణకును, ప్రభుత్వ విమానముల రాకపోకలకును ఇప్పటికిని అది ఉపయోగపడుచున్నది.

మూడవది మనుష్యుని తీర్చిదిద్దుట. ఇదియే అన్నిటికంటె కష్టమైనది. నేడు పైలటులు పాటించు నియమ మొకటి గలదు. నేలకు సుమారు 300 మీటర్ల ఎత్తునకు దిగునప్పటికి వేగము, వాలు, దిశ, చక్రములు, ఫ్లాపులు అన్నియు సరిగా నుండవలెను. మేఘములు లేక నేల చక్కగా కనబడుచున్నపుడు ఈ హద్దు 150 మీటర్లు. ఏ ఒక్కటి సరిపడకున్నను తర్కింపక తిరిగి లేవవలెను. తిరిగి లేచినందుకు పైలటును దండింపరాదనునది కూడ విమానసంస్థలు అంగీకరించిన నీతి. దండనభయ మున్నచో మనుష్యుడు తప్పును కప్పిపుచ్చుటకు సాహసించును.

దీనితోపాటు మఱియొక మర్యాద పుట్టినది. పెద్దల మాట చద్దిమూట యని మన సామెత. పైలటుల గదిలో పిన్నల మాటయు చద్దిమూటయే. అపాయమును చూచిన చిన్నవాడు సంకోచింపక, మెల్లగా గొణుగక, స్పష్టముగా చెప్పవలెను. పెద్దవాడు తన అనుభవమును తలచుకొని గర్వింపక ఆ మాట వినవలెను. చెప్పుట యెంత బాధ్యతయో, వినుట అంతకంటె పెద్ద బాధ్యత. మంగళూరున చెప్పినవాడు గలడు, వినినవాడు లేడు.

యుద్ధభూమియందు వెన్ను చూపని వానిని వీరుడని పొగడుదురు. ఆకాశమున వీరత్వమునకు అర్థము వేఱు. వందలమంది ప్రాణములను చేత బట్టుకొనినవాడు ‘ఇప్పుడు దిగను’ అని చెప్పగలుగుటయే ధైర్యము. అట్టి నిర్ణయమును లోకము గుర్తింపదు. పత్రికలలో ఆ వార్త రాదు. రన్‌వే దాక వచ్చిన విమానము హఠాత్తుగా పైకి లేచినపుడు ప్రయాణికులు విసుగుకొందురు. స్వజనులకొఱకు వేచియున్నవారు గడియారము చూచుకొందురు. కొంతసేపటికి విమానము మరల వచ్చి నెమ్మదిగా దిగును. అందఱును తమ సామానులు తీసికొని ఇండ్లకు పోవుదురు. ఆ ఆలస్యముయొక్క విలువ వారిలో చాలమందికి తెలియనే తెలియదు.

ప్రశ్నలు

1. విమానము ఎదురుగాలిలో దిగుటవలన కలుగు ప్రయోజనము లేవి?

2. 1993 నవంబరులో హైదరాబాదునకు వచ్చిన విమానము వరిపొలములలో దిగుటకు గల కారణములను వరుసగా వ్రాయుడు.

3. రన్‌వేకు 6 కిలోమీటర్ల దూరమున నున్న విమానము సుమారెంత ఎత్తున నుండవలెను? పాఠమునందలి లెక్క ననుసరించి చెప్పుడు.

4. లుక్లా రన్‌వే ఏటవాలుగా నుండుట దిగు విమానమునకును, లేచు విమానమునకును ఎట్లు తోడ్పడుచున్నది?

5. ‘పిన్నల మాటయు చద్దిమూటయే’ — ఈ వాక్యమును మంగళూరు సంఘటనముతో సమన్వయించి వివరింపుడు.